కావాలని పగులు పెట్టే పనికి మా అబ్బాయిని పంపాలా?

ప్రశ్న: నేను గాజువాకలో వెల్డర్‌ని, 26 ఏళ్లుగా ఇదే పని. మా అబ్బాయి డిప్లొమా మెకానికల్ అయింది. వెల్డింగ్‌లో కావాలని లోపాలు పెట్టి, తనిఖీ మెషిన్లను పరీక్షించే ముక్కలు తయారుచేసే వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. నాకేమో ఎన్‌డీటీ (వస్తువును పాడుచేయకుండా లోపలి లోపాలు కనిపెట్టే తనిఖీ) లెవెల్ 2 చేయించి గల్ఫ్ పంపాలని ఉంది. 15 రోజుల్లో అన్ని మెథడ్లూ నేర్పి సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. ఫీజుకు మా ఆవిడ గాజులు కుదువ పెడదామనుకుంటున్నాను. రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో ‘కావాలని’ అన్న మాట దగ్గరే మీ బాధంతా కనిపించిందండీ. ఎక్స్‌రేలో మచ్చ రాకూడదని ఇన్నేళ్లు జాగ్రత్తపడిన చెయ్యి మీది. కొడుకు చెడ్డ వెల్డింగ్ చేసి జీతం తేవడమేమిటని మనసు ఒప్పుకోవడం లేదు. పోలిక తర్వాత, ముందు దీని సంగతి చూద్దాం.

స్లాగ్ (వెల్డింగ్ మీద కట్టే పెంకు) లోపల ఉండిపోవాలంటే ఒక పాస్ (ఒక వరస వెల్డింగ్) మీద దాన్ని కొట్టకుండా వదిలి పైన ఇంకో పాస్ వేస్తారు. బుడగలు కావాలంటే కాసేపు గ్యాస్ కట్టేస్తారు, లేదా తేమ పట్టిన రాడ్ వాడతారు. ఇవి మీకు తెలియనివి కావు. కష్టమంతా పగులుతోనే. కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని కోసే ఈడీఎం మెషిన్‌తో సన్నగా గాటు పెడితే అంచులు నున్నగా ఉంటాయి, మధ్యలో ఖాళీ ఉంటుంది. లోహంలోకి ధ్వని పంపి చూసే అల్ట్రాసోనిక్ ప్రోబ్‌కు దాన్నుంచి గట్టి ఎకో వస్తుంది. అసలు పగులు గరుకుగా, వంకరగా పోతుంది, రెండు ముఖాలూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, ధ్వని కొంత అవతలికి దాటిపోతుంది. గాటును ఇట్టే పట్టిన మెషిన్ ఈ పగులును వదిలేయొచ్చు. అందుకని చిన్న ఉక్కు ముక్కను వేల సార్లు వంచి నిజమైన ఫెటీగ్ పగులు పుట్టిస్తారు. దాన్ని కావలసిన సైజుకు కోసి, జాయింటులో కూర్చి, చుట్టూ వెల్డ్ చేస్తారు. ఆ చుట్టూ వేసే వెల్డింగ్‌లో అడగని లోపం ఒక్కటి వచ్చినా ముక్క పనికిరాదు. లోపం ఎక్కడుంది, ఎంత లోతు, ఎంత పొడవు అన్నది ముందే రాసి దాచిపెడతారు. పరీక్షకు కూర్చున్న మనిషి చెప్పిన జవాబును ఆ కాగితంతోనే సరిచూస్తారు. చెయ్యి కుదరనివాడు చేయగలిగే పని కాదిది. మీ ఇంట్లో పుట్టిన పిల్లాడికి ఇది వచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

1970లలో పిస్క్ అనే అంతర్జాతీయ కార్యక్రమంలో, వెల్డింగ్ లోపాలున్న మందపాటి ఉక్కు పలకలను పలు దేశాల తనిఖీ బృందాలకు తిప్పి పంపారు. అణు రియాక్టర్ ప్రెషర్ వెసల్స్ భద్రత కోసం చేసిన పని అది. నియమాల పుస్తకం ప్రకారం చేసిన తనిఖీ కూడా పెద్ద లోపాలను వదిలేస్తోందని అప్పుడు బయటపడింది. లోపలేముందో ముందే తెలిసిన ముక్కలు లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇక ఆ 15 రోజుల కోర్సు. అలాంటి సర్టిఫికెట్లు నాలుగు లామినేషన్ చేయించుకుని వచ్చిన పిల్లలను చాలామందిని చూశాను. ప్రోబ్ పట్టుకున్నది ఒక పూటే, అదీ మెషిన్‌ను సరిచూసుకునే కాలిబ్రేషన్ బ్లాక్ మీద. రంగు ద్రవం పూసి పైపగుళ్లు చూసే డై పెనిట్రెంట్ తొందరగా వస్తుంది, ఒప్పుకుంటాను. అల్ట్రాసోనిక్ అలా రాదు. ఎక్స్‌రే తీసినట్టు చూసే రేడియోగ్రఫీకైతే రేడియేషన్ భద్రత శిక్షణ వేరే ఉండాలి. పైగా ఎక్కువగా నడిచే ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ అనే అమెరికన్ మార్గదర్శక పద్ధతిలో లెవెల్ 2 అని సర్టిఫై చేసే బాధ్యత ఉద్యోగమిచ్చిన సంస్థది. దానికి క్లాసు గంటలతో పాటు పనిచేసిన గంటలూ చూపించాలి. ఆ ఉద్యోగం మానేస్తే ఆ సర్టిఫికేషన్ అక్కడితో ఆగిపోతుంది, కొత్త సంస్థ మళ్లీ చేయాలి. ఈ మాట చెప్పకుండా ఫీజు కట్టించుకునే వాళ్లంటే నాకు కోపం. మీరూ అడగలేదు. రాడ్ ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు చూడందే తీసుకోని మనిషి, గాజులు కుదువ పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగకపోవడం ఏమిటండీ? ఆ గాజులు మీ ఆవిడవి. ఆవిణ్ణి అడిగారా?

ఇక పోలికలో జీతాల మాట. మొదటి రెండేళ్లూ ఈ వర్క్‌షాపులో పెద్దగా మిగలకపోవచ్చు. ఇలాంటి చోట్లు తక్కువ, అదొక్కటే నాకున్న భయం. కాబట్టి అబ్బాయిని చేరేముందే రెండు విషయాలు అడగమనండి: గ్రైండింగ్‌కే పరిమితం చేయకుండా తయారైన ముక్కలను అల్ట్రాసోనిక్‌తో చూసే బల్ల దగ్గర కూడా కూర్చోబెడతారా, ఆ గంటలను లాగ్‌బుక్‌లో రాసి సంతకం చేస్తారా. రెండిటికీ అవునంటే నిశ్చింతగా పంపండి. లెవెల్ 2 పరీక్ష అతను అనుభవంతో రాస్తాడు, అప్పుడు కావాలంటే గల్ఫ్‌కూ వెళ్తాడు. పగులు ఎలా పుడుతుందో చేత్తో చేసి చూసినవాడికి స్క్రీన్ మీద కనిపించే ఎకో గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

బంధువులు అడిగితే ఏం చెప్పాలన్న టెన్షన్ కూడా మీకుందని నాకు తెలుసు. తనిఖీ చేసేవాళ్లకు పరీక్ష పేపరు తయారుచేస్తున్నాడని చెప్పండి, అది నిజం కూడా. సోమవారానికి ఎక్కువ రోజులు లేవు. ఈ రాత్రే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, రూట్ పాస్‌లో (జాయింటు అడుగున వేసే మొదటి వరసలో) మీకు ఇన్నేళ్లలో ఎదురైన పగుళ్ల గురించి చెప్పండి. వాడికి అక్కడ మొదటి రోజు నుంచే అవి పనికొస్తాయి.