తగ్గిన బరువు మళ్ళీ పెరుగుతున్నప్పుడు అలవాట్లు మార్చుకోవడం వల్ల ప్రయోజనం ఉందా?

వయసు 41, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, పరగడుపు షుగర్ 112 అని, రెండుసార్లు కష్టపడి తగ్గి రెండుసార్లూ మళ్ళీ పెరిగానని, ఇక తిండి, నడక గురించి చెప్పే మాటల మీద నమ్మకం పోయి నేరుగా బరువు తగ్గించే ఇంజెక్షన్ వేయించుకుందామా అని ఆలోచిస్తున్నానని మీరు చిత్తూరు నుంచి రాశారు. నేను వైద్యురాలిని కాను. తిరుపతిలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. నాలుగేళ్ళ క్రితం నా బరువు 82 కిలోలు, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.2 ఉండేవి. అప్పటి నుంచి నేను చదివింది, నా ఒంటి మీద చూసింది కలిపి చెబుతాను.

ముందుగా మీ నిరాశ గురించి. నేను కూడా మొదట పొడి డబ్బాలు అమ్మే ఒక కేంద్రంలో చేరి, ఉదయమూ రాత్రీ ఆ పొడే కలుపుకొని తాగి మూడు నెలల్లో 9 కిలోలు తగ్గాను. పొడి మానేసిన ఏడాదిలోపే 11 కిలోలు పెరిగాను. తిరిగి వెళ్ళి అడిగితే "మీకు మనోనిబ్బరం లేదమ్మా" అన్నారు. ఆ మాటను నేను చాలాకాలం నిజమనే నమ్మి, ఎవరితోనూ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయాను. అది నిజం కాదని తెలిసింది 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం చదివాకే. వారు 50 మంది చేత 10 వారాలపాటు అతి తక్కువ కేలరీల ఆహారం తినిపించి బరువు తగ్గించి, ఆ తర్వాత ఏడాదిపాటు వారి రక్తంలోని హార్మోన్లను గమనించారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగింది, శరీరంలో కొవ్వు నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు తెలిపే లెప్టిన్ తగ్గింది, ఏడాది గడిచినా అవి పూర్వస్థితికి రాలేదు. అంటే బరువు తగ్గిన మనిషికి అంతకు ముందు కంటే ఎక్కువ ఆకలి వేస్తుంది, అదీ నెలల తరబడి. మీరు రెండుసార్లు పెరిగారంటే మీలో లోపం ఉందని కాదు, తగ్గిన తర్వాతి కాలానికి మీకు ఎవరూ ఏ ఏర్పాటూ చేసి ఇవ్వలేదని అర్థం.

ఇక ప్రయోజనం సంగతి. అమెరికాలో 3,234 మందితో జరిపిన మధుమేహ నివారణ అధ్యయనం 2002లో వెలువడింది. అందులో పాల్గొన్నవారు మీలాగే షుగర్ అంచున ఉన్నవారు. ఒక వర్గానికి శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం లక్ష్యంగా పెట్టి, మొదటి 24 వారాల్లో 16 పాఠాలు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చెప్పి, ఆ తర్వాత కూడా నెలనెలా పలకరిస్తూ వచ్చారు. సగటున మూడేళ్ళలోపే వారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది, చక్కెరను తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో 31 శాతం తగ్గింది. మీరు ప్రత్యేకంగా గమనించవలసింది ఏమిటంటే, ఇంత శ్రద్ధగా చేసిన ఆ అధ్యయనంలో కూడా 24 వారాలకు 7 శాతం తగ్గినవారు సగం మందే, చివరికి ఆ లక్ష్యం దగ్గర నిలిచినవారు 38 శాతమే. పదేళ్ళ తర్వాత చూస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వచ్చింది, అయినా ఆ వర్గంలో మధుమేహం రావడం 34 శాతం తక్కువగానే ఉంది. కొన్నేళ్ళు తక్కువ బరువుతో గడిపినా ఆ కాలం వృథా పోలేదన్నమాట.

మన పక్కనే ఉన్న చెన్నైలో డాక్టర్ అంబాడి రామచంద్రన్ బృందం 531 మందితో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనం నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. తిండి మార్చుకొని రోజూ నడిచినవారిలో బరువు చెప్పుకోదగినంత తగ్గనే లేదు, కానీ మూడేళ్ళలో మధుమేహం రావడం 28.5 శాతం తగ్గింది. వారు తిన్నది మన దక్షిణాది అన్నమూ కూరలే. అదే బృందం 2013లో, ఉద్యోగాలు చేసుకునే 537 మంది మగవారికి క్రమం తప్పకుండా మొబైల్‌కు సందేశాలు పంపితే ఏమవుతుందో చూసింది. రెండేళ్ళలో మధుమేహం వచ్చినవారు సందేశాలు అందుకున్నవారిలో 18 శాతం, అందుకోనివారిలో 27 శాతం. ఎవరో ఒకరు మనల్ని క్రమంగా అడుగుతూ ఉండడానికి ఎంత విలువ ఉందో నాకు అక్కడ అర్థమైంది.

నా రెండో ప్రయత్నం అక్కడి నుంచే మొదలైంది. వంద పేజీల గీతల నోటుబుక్కు ఒకటి కొని, నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాయడం ప్రారంభించాను. అమెరికాలో 2008లో దాదాపు 1,700 మంది మీద చేసిన ఒక పరిశీలనలో, రోజూ తిండి వివరాలు రాసుకున్నవారు అసలు రాయనివారి కంటే రెట్టింపు బరువు తగ్గారని చదివి రాయడం మొదలుపెట్టాను గానీ, మొదట్లో నాకు అంత నమ్మకం లేదు. నాలుగో రోజు పేజీ ఇలా ఉంది: 6.10కి కాఫీ, రెండు చెంచాల చక్కెర. 8.15కి మూడు దోసెలు, చెనక్కాయల చట్నీ. 11 గంటలకు స్టాఫ్ రూములో టీ. ఒంటిగంటకు అన్నం, పప్పు, ఆలుగడ్డ వేపుడు, పెరుగు. 4.40కి టీ, గుప్పెడు బొరుగుల మిక్చర్. 6.30కి రెండు మిరపకాయ బజ్జీలు. 9.15కి రెండు చపాతీలు. అన్నిటి కిందా పెన్సిలుతో, "చిన్నోడు వదిలేసిన పెరుగన్నం." ఆ వరుస రాయాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి, చెరపడానికి వీలుగా ఉంటుందని పెన్సిలు తీసుకున్నాను. రెండు వారాలు గడిచాక లెక్క చూస్తే 14 రోజుల్లో 9 రోజులు ఆ వరుస ఉంది. అన్నం పారేయకూడదని మా అమ్మ నేర్పిన మంచి అలవాటే అది. దాన్ని మానుకోమని నాకు నేను చెప్పుకోలేదు, పిల్లవాడి కంచంలో ముందుగానే తక్కువ వడ్డించడం మొదలుపెట్టాను.

నూనె సంగతి కూడా నోటుబుక్కు వల్లే బయటపడింది. మేము నలుగురం, నెలకు ఐదు లీటర్లు అయిపోయేది. లెక్క వేస్తే తలకు రోజుకు 40 మిల్లీలీటర్ల పైన, అంటే ఒక్క నూనె నుంచే దాదాపు 345 కేలరీలు. నేరుగా డబ్బాలోంచి బాణలిలోకి వంపడం మానేసి, చెంచాతో కొలిచి పోయడం మొదలుపెట్టాం, చెనక్కాయలను నూనె లేకుండా వేయించుకొని ఊరుబిండి నూరుకుంటున్నాం, సాయంత్రం బజ్జీలకు బదులు వారంలో రెండుసార్లు పొంగణాలు చేసుకుంటున్నాం. ఇప్పుడు నెలకు మూడు లీటర్లు సరిపోతోంది, అంటే ఒక్కొక్కరికీ రోజుకు 140 కేలరీల దాకా తగ్గింది. మా ఇంట్లో సంగటి మానలేదు, పప్పు మానలేదు, ఏదీ నిషేధించలేదు.

అయితే నోటుబుక్కు ఒక్కటే ఉంటే నేను రెండు నెలల్లో వదిలేసి ఉండేదాన్ని. మా బడిలో లెక్కలు చెప్పే టీచరు, నాకంటే చిన్నది, ప్రతి శనివారం నా బరువూ నోటుబుక్కూ చూస్తానని ఒప్పుకుంది. ఒకసారి "అక్కా, బుధవారం నుంచి ఖాళీగా ఉంది, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని మాత్రమే అడిగింది. ఆ రోజుల్లో మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నారు. ఆమె మందలించి ఉంటే మళ్ళీ నోటుబుక్కు చూపించేదాన్ని కాదు. ఎనిమిది నెలల్లో 82 నుంచి 76కి వచ్చాను. వేసవి సెలవుల్లో శనివారాలు ఆగిపోయాయి, రెండున్నర కిలోలు పెరిగాను. బడి తెరిచాక మళ్ళీ కూర్చున్నాం. ఇప్పుడు 77, హెచ్‌బీఏ1సీ 5.8.

తేడా నాకు మొదట తెలిసింది మోకాళ్ళలో. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వెళ్ళడం మా ఇంట్లో ఆనవాయితీ. 82 కిలోలున్నప్పుడు గాలిగోపురం చేరేసరికే కూలబడిపోయేదాన్ని, మోకాళ్ళ పర్వతం దగ్గర కమ్మీ పట్టుకొని పక్కకు తిరిగి ఎక్కేదాన్ని. పోయిన కార్తీకంలో నిటారుగానే ఎక్కాను. మోకీళ్ళు అరిగినవారి మీద 2005లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అది చదునైన నేల మీద కొలిచిన లెక్క, మెట్ల మీద కాదు, కానీ నా మోకాళ్ళు ఆ మాటను నమ్ముతున్నాయి. ఎప్పుడో ఒకసారి కొండెక్కడం రోజువారీ నడకకు బదులు కాదని కూడా చెప్పాలి. వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో నడుస్తాను.

ఈ పద్ధతి అన్నిటినీ నయం చేస్తుందని నేను అనను. ఇప్పటికే మధుమేహం ఉన్న 5,145 మందితో అమెరికాలో సాగిన లుక్ అహెడ్ అనే పెద్ద అధ్యయనంలో, మొదటి ఏడాది సగటున 8.6 శాతం బరువు తగ్గినా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదని 2013లో తేలింది. నిద్రలో శ్వాస ఆగే ఇబ్బంది, కదలిక, మందుల అవసరం మాత్రం మెరుగుపడ్డాయి. ఇంజెక్షన్ విషయానికి వస్తే, సెమాగ్లూటైడ్ అనే ఆ మందుతో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా తగ్గారు, కానీ ఆపేసిన ఏడాదిలో తగ్గిన దానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. కాబట్టి మీ వైద్యులు అవసరమని చెబితే సంకోచం లేకుండా వేయించుకోండి, కానీ దానితో పాటే నోటుబుక్కు కూడా తెరవండి.

మీ ఎత్తుకు, బరువుకు బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక, దాదాపు 29.8. భారతీయులకు 25 నుంచే స్థూలకాయంగా లెక్కిస్తారు కనుక దీన్ని తేలికగా తీసుకోకండి. నడుము కూడా టేపుతో కొలవండి, మగవారికి 90 సెంటీమీటర్లు దాటకూడదు. 84లో 7 శాతం అంటే ఆరు కిలోల కంటే కొంచెం తక్కువ, మీ గమ్యం 78 అనుకోండి, 65 గురించి ఇప్పుడు ఆలోచించవద్దు. నోటుబుక్కు కొనే ముందే శనివారం దాన్ని ఎవరికి చూపిస్తారో నిర్ణయించుకోండి. మీ శ్రీమతి గారైనా, ఆఫీసులో ఒక మిత్రుడైనా, మందలించని మనిషైతే చాలు. అలాంటివారు ఎవరూ కుదరకపోతే ప్రతి శనివారం ఈ జవాబు కిందే మీ అంకె రాయండి, నేను చూస్తాను, నా అంకె కూడా పక్కనే రాస్తాను.