ఐదో డిజైను మొదలుపెట్టకండి, ముందు దుకాణంలో ఒక పూట కూర్చోండి

నమస్కారమండీ. పూతరేకుల దుకాణం వెబ్‌సైటుకు మొదటి పేజీని నాలుగోసారి మార్చమన్నారని రాశారు. చదివి బాధ కలిగింది. మీ డిజైన్లలో లోపం ఉందనుకోను, ముందే అడగాల్సినవి అడగకపోవడమే చిక్కు.

సైటు ఎలా ఉండాలని అడిగితే ఎవరైనా బాగుండాలనే అంటారు. ఒక పూట దుకాణంలో కూర్చుని, వచ్చే ఫోన్లు వినండి. నేను ఒక మిఠాయి దుకాణంలో అలా కూర్చున్నప్పుడు పదింటిలో ఆరేడు ఫోన్లు "హైదరాబాదుకు పంపుతారా? ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది?" అన్నవే. యజమాని అప్పటిదాకా వాళ్ల తాతగారి ఫొటో గురించే చెబుతూ వచ్చారు. మొదటి పేజీలో ఏముండాలో ఆ ఫోన్లతోనే తేలిపోయింది.

తెలుగు మ్యాటర్ ఏ రూపంలో ఇస్తారో తప్పక అడగండి. పాత కరపత్రం ఫైలు ఇస్తే అది చాలావరకు 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఉంటుంది. సైటులో అతికిస్తే అక్షరాలన్నీ అర్థంకాని గుర్తులైపోతాయి. దాన్ని ఫోన్లలో, వెబ్‌సైట్లలో సరిగా కనిపించే యూనికోడ్ లిపిలోకి మార్చి, ఒత్తులు సరిచూడటం రోజుల పని. అది ఎవరు చేయాలో, ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి.

డొమైన్‌ను, అంటే సైటు చిరునామాను, దుకాణం యజమాని పేరుమీదే కొనండి. ఆన్‌లైన్ అమ్మకం ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, డబ్బు వాపసు నియమాలు తీసుకోండి.

నాలుగుసార్లూ మార్చమన్నది ఒకరేనా? తండ్రి ఒకటి, కొడుకు మరొకటి చెబుతుంటే ఆఖరి మాట ఎవరిదో వాళ్లనే తేల్చమనండి. ఇవన్నీ ఒక పేజీలో రాసి, రెండుకు మించిన మార్పులకు అదనపు రుసుమని చేర్చి, వాట్సాప్‌లో పంపండి. ఆఖరి మాట ఎవరిదో వాళ్లు సరేనన్నాకే కంప్యూటర్ ముందు కూర్చోండి.