వీడియో ఎంతమంది చూశారో ఫోనే చెబుతుంది కదా?

ప్రశ్న: అంబాజీపేట దగ్గర కొబ్బరి వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి ఈ ఏడాది అమలాపురంలో బీఎస్సీ (గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్లు) పూర్తి చేసింది. కాలేజీలో ఉండగా స్నేహితులతో కలిసి, రొయ్యల చెరువుల వల్ల బావుల నీళ్లు ఉప్పబడుతున్నాయని చిన్న చిన్న వీడియోలు తీసి ఊళ్లలో చూపించింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక సంస్థ ఏడాది కాంట్రాక్టు మీద ఉద్యోగం ఇస్తామంటోంది. కంపెనీలు, ట్రస్టులు డబ్బిచ్చి చేయించిన వీడియోలు, రేడియో కార్యక్రమాల వల్ల జనానికి ఏం మేలు జరిగిందో ఊళ్లు తిరిగి కొలవాలట. వీడియో ఎంతమంది చూశారో ఫోనే చెబుతుంది కదా, దానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవడం ఏమిటి? రాజమండ్రిలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు పంపాలనుకున్నాను. ఆమె వినడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి

జవాబు: మీ సందేహం సరైనదే. మీకు వచ్చిన సందేహమే డబ్బిచ్చేవాళ్లకూ వచ్చింది కాబట్టి ఈ ఉద్యోగం పుట్టింది.

ముందు ఫోను చెప్పే లెక్క సంగతి చూద్దాం. కొన్ని చోట్ల వీడియో మూడు సెకన్లు కదిలితే చాలు, ఒకరు చూసినట్టే. బస్సులో కూర్చుని వేలితో పైకి తోసేస్తూ పోయినవాడూ ఆ లెక్కలో ఉంటాడు. ఒకే ఫోను చుట్టూ చేరి చివరిదాకా చూసిన ఐదుగురు మాత్రం ఒక్కరుగానే ఉంటారు. సరే, అందరూ శ్రద్ధగానే చూశారనుకుందాం. మీరు అటక మీద వెయ్యి కాయలు పోస్తే వెయ్యి కురిడీలు దిగుతాయా? కొన్ని కుళ్లుతాయి, కొన్ని మొలకెత్తుతాయి, మంచివి ఎండడానికి నెలలు పడుతుంది. వీడియో చూసినవాళ్లది కాయల లెక్క. చూసి, నమ్మి, అలవాటు మార్చుకున్నవాళ్లది కురిడీల లెక్క. మీ అమ్మాయిని పంపేది ఆ రెండో లెక్క తెమ్మని.

ఈ లెక్క అడిగేవాళ్లు పెరగడానికి చట్టం కూడా ఒక కారణం. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. చమురు, గ్యాస్ బావులున్న కోనసీమలో సీఎస్ఆర్ అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. 2021 జనవరిలో నిబంధనలు సవరించారు. సీఎస్ఆర్ బాధ్యత మూడేళ్ల సగటున 10 కోట్ల రూపాయలు, ఆపైన ఉన్న కంపెనీ ఏదైనా ప్రాజెక్టుకు కోటి రూపాయలు, ఆపైన వెచ్చిస్తే, అది పూర్తయిన ఏడాది తరువాత బయటి స్వతంత్ర సంస్థతో ప్రభావ మదింపు (ఇంపాక్ట్ అసెస్‌మెంట్), అంటే జనానికి ఏం మేలు జరిగిందో కొలిచే పని, చేయించి తీరాలి. ఆరోగ్యం, చదువు, పర్యావరణం పద్దుల కింద తీసే అవగాహన వీడియోలూ ఆ లెక్కలోకి రావచ్చు. విదేశీ ఫౌండేషన్లు, ఐక్యరాజ్య సమితి సంస్థలైతే ఈ చట్టం రాకముందు నుంచే అడుగుతున్నాయి.

కొలిచే పద్ధతి వినడానికి తేలిక. కార్యక్రమం మొదలుకాకముందు కొన్ని ఇళ్లకు వెళ్లి పరిస్థితి రాసుకుంటారు, దాన్ని బేస్‌లైన్ అంటారు. అయిపోయాక మళ్లీ వెళ్లి రాసుకునేది ఎండ్‌లైన్. రెండింటికీ తేడా తీస్తారు. చిక్కంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నాళ్లు అలాంటి సర్వేలు చేశాను. ఒకసారి ముమ్మిడివరం వైపు ఒక లంక గ్రామానికి వెళ్లాం. నీళ్లు కాచి తాగండని చెప్పే చిన్న సినిమాలను అక్కడ సాయంత్రాలు తెర కట్టి చూపించారు. ‘ఆ సినిమాలు చూశాక నీళ్లు కాచి తాగుతున్నారా?’ అన్నది మా కాగితంలో ప్రశ్న. నలభై ఇళ్లు తిరిగితే ముప్పై ఆరు ఇళ్లలో అవునన్నారు. నాతో వచ్చిన కుర్రాడు సంబరపడిపోయాడు. చివరి ఇంట్లో ఒక పెద్దావిడ, అప్పుడే అవునని చెప్పినావిడ, ఎండన పడి వచ్చామని మంచినీళ్లు ఇచ్చింది. గుమ్మం పక్కన పీట మీద పెట్టిన ఇరవై లీటర్ల టిన్నులోంచి వంచి ఇచ్చింది. ‘కాచినవా మామ్మగారూ?’ అన్నాను. ‘బోరు నీళ్లు ఉప్పు కదమ్మా, నాలుగేళ్లుగా కొనుక్కునే నీళ్లే. వీటిని మళ్లీ కాచడం ఎందుకు?’ అంది. మరి ఇందాక అవునన్నారేమని అడిగితే నవ్వేసింది. ‘అంత దూరం నుంచి పడవ దాటి వచ్చి అడిగావు, కాదంటే ఏం బాగుంటుంది?’

మర్నాడు ప్రశ్న మార్చాం. ‘నిన్న మీ ఇంట్లో తాగిన నీళ్లు ఎక్కడివి, ఒకసారి చూపిస్తారా?’ అని అడిగి అవే నలభై ఇళ్లూ మళ్లీ తిరిగాం. కాచిన నీళ్లు నాలుగే నాలుగు ఇళ్లలో దొరికాయి. అందులో రెండిళ్లలో చంటిపిల్లలున్నారు, కాచి పట్టమని డాక్టరు చెప్పాడట. సినిమా ఖాతాలో వేయడానికి మిగిలినవి రెండిళ్లు. ముప్పై ఆరుకూ రెండుకూ మధ్య ఉన్న దూరాన్ని పట్టుకోవడమే ఈ వృత్తి. ఫోను ఆ గుమ్మం దాకా వెళ్లలేదు.

చంటిపిల్లల ఇళ్ల సంగతి మరొక్కసారి చూడండి. మార్పు ఉంది, కళ్లకు కనిపిస్తోంది. కానీ అది మన వల్ల వచ్చిందా? శివారు పొలం తడిసి ఉంటే ధవళేశ్వరం నుంచి వదిలిన నీరు అందిందని కాలువ వాళ్లు రాసుకోవచ్చు. మొన్న కురిసిన వాన సంగతి ఎవరు రాయాలి? అందుకే జాగ్రత్తగా కొలిచేవాళ్లు కార్యక్రమం జరగని ఊళ్లను కూడా కొన్ని ఎంచుకుని అక్కడా అవే ప్రశ్నలు వేస్తారు. ఏ ఊళ్లో కార్యక్రమం పెట్టాలన్నది కూడా చీటీలు తీసినట్టు తేలుస్తారు. ఇలా చీటీల పద్ధతిలో పేదరికం మీద ప్రయోగాలు చేసినందుకే 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మీడియా విషయంలో ఇలాంటి ప్రయోగం ఒకటి ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో జరిగింది. 2012 నుంచి 2015 దాకా, పిల్లలకు జబ్బు చేస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లమని స్థానిక భాషల్లో రేడియోలో చెప్పించారు. పద్నాలుగు రేడియో ప్రాంతాలు తీసుకుని ఏడింటిలో ప్రసారం చేశారు, ఏడింటిని అలాగే వదిలేశారు. చివరికి చూస్తే ప్రసారమైన చోట పిల్లల మరణాలు తగ్గాయి. వదిలేసిన చోట కూడా తగ్గాయి! కాబట్టి మరణాలు రేడియో వల్లే తగ్గాయని చెప్పడానికి వీల్లేకపోయింది. అయితే ప్రసారం విన్న ప్రాంతాల్లో ఆసుపత్రులకు పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులు పెరిగారని ఆసుపత్రి రిజిస్టర్లే చూపించాయి. చేసినవాళ్లు రెండు సంగతులూ అచ్చు వేశారు. వదిలేసిన ఏడు ప్రాంతాలు లేకపోతే మొదటి అంకె చూపించి పండగ చేసుకునేవాళ్లే.

మీ అమ్మాయి తీసినలాంటి వీడియోలకు దగ్గరి ఉదాహరణ కావాలంటే డిజిటల్ గ్రీన్ ఉంది. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనా విభాగంలో మొదలైంది. ఊరి రైతుల చేతే సాగు వీడియోలు తీయించి, పదిమందిని కూర్చోబెట్టి, మధ్యలో ఆపి మాట్లాడిస్తూ చూపిస్తారు. ఎవరు వచ్చారు, ఏం అడిగారు అన్నది రాసుకుంటారు. తరువాత పొలానికి వెళ్లి ఆ పద్ధతిని ఎవరు పాటించారో చూసి వస్తారు. వీడియో తీసే పని ఎంతో, పొలానికి వెళ్లి చూసే పనీ అంత.

పత్రికల పరిశోధనాత్మక కథనాలకు డబ్బిచ్చే ట్రస్టులూ ఉన్నాయి. అక్కడ కొలవడం ఇంకా కష్టం. కథనం వచ్చిన వారానికి కలెక్టరు ఆదేశాలిచ్చారనుకోండి. ఆ ఊరివాళ్లు మూడేళ్లుగా పెట్టుకుంటున్న అర్జీల వల్లా, కోర్టు కేసు వల్లా, ఈ కథనం వల్లా? అక్కడ ఘనత మాదే అనకుండా ‘తోడ్పడింది’ అని రాయడం మర్యాద, నిజం కూడా. నాకైతే, ప్రతి కథనానికీ ఫలితం చూపించమనే ట్రస్టుల ధోరణి అంతగా నచ్చదు. జనానికి తెలియాల్సిన సంగతి తెలిసిందంటే ఆ పత్రిక పని అయినట్టే. కొలవడం తేలిక కాబట్టి తేలికైన కథనాలకే డబ్బు వెళ్లే ప్రమాదం కూడా ఉంది. మీ అమ్మాయి ఈ వాదన ఆ సంస్థలో తప్పకుండా వింటుంది.

ఇక మీ బెంగ దగ్గరికి వస్తాను. చేర్పించండి అంటాను, కానీ కళ్లు మూసుకుని కాదు. బ్యాంకు పీవో పరీక్షకు ముప్పై ఏళ్ల దాకా గడువుంది, ఏడాదిలో కొంప మునిగిపోదు. గణాంకశాస్త్రం చదివి, ఊళ్లో కెమెరా పట్టుకుని తిరిగి, మన మాట మన యాసలో అడగగలిగిన పిల్లలు ఈ రంగానికి తేలిగ్గా దొరకరు. ఇందులోకి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషులో నివేదిక రాయడం వచ్చు కానీ, మామ్మగారు మొహమాటానికి అవునన్నదని పసిగట్టడం రాదు.

సంతకం పెట్టేముందు సంస్థను నాలుగు మాటలు అడగమనండి. తిరుగుడు ఖర్చులు జీతంలోనేనా, విడిగానా? ఊళ్లలో రాత్రి బస ఎవరు చూస్తారు, ఇద్దరేసి వెళ్తారా, ఒక్కరేనా? రోజుకు ఇన్ని ఫారాలు నింపాలన్న లక్ష్యం ఉందా? రోజుకు ఇరవై అన్నారంటే అక్కడ కాగితాలు నిండుతాయి, నిజాలు నిండవు. చివరిది ముఖ్యమైనది. డబ్బిచ్చిన కంపెనీకి నచ్చని ఫలితం వచ్చినప్పుడు ఏం చేస్తారు? మేం ఆ లంక గ్రామం నివేదిక ఉన్నదున్నట్టు ఇచ్చాక, సినిమాలు తీసినవాళ్లు మమ్మల్ని మళ్లీ పిలవలేదు. నాకు తెలిసిన మరో బృందం అలాంటి నివేదికనే ‘ప్రోత్సాహకరమైన ఫలితాలు’ అని మార్చి ఇచ్చి రెండో కాంట్రాక్టు తెచ్చుకుంది. ఈ ప్రశ్నకు సంస్థ వాళ్లు తడబడితే తొందరపడవద్దు.

ఏడాది పని చేశాక ఇష్టం నిలిస్తే అప్పుడు పీజీ గురించి ఆలోచించవచ్చు. అభివృద్ధి అధ్యయనాలకు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉన్నాయి. మీడియా వైపు మొగ్గితే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ విభాగం ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఈలోగా ఎక్సెల్ గట్టిగా నేర్చుకోమనండి. కోబో టూల్‌బాక్స్ అనే సర్వే సాధనంలో ఉచితంగా ఖాతా తెరిచి ఫోన్లో ఫారం తయారుచేయడం అలవాటు చేసుకోమనండి. లక్షలు కట్టించుకుని ‘ఇంపాక్ట్ సర్టిఫికెట్’ ఇస్తామనే ప్రైవేటు కోర్సులకు మాత్రం రూపాయి కూడా కట్టకండి.

చేరే తేదీకి ఇంకా రోజులుంటే ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. ఉప్పునీటి వీడియోలు చూపించిన ఊళ్లలో ఏదో ఒక ఊరికి అమ్మాయిని మళ్లీ వెళ్లమనండి. పది ఇళ్ల తలుపు తట్టి, వీడియో ఎలా ఉందని అడగకుండా, ఆ తరువాత ఇంట్లో గాని, ఊళ్లో గాని ఎవరైనా ఏమైనా చేశారా అని మాత్రమే అడిగి రాసుకురావాలి. వీడియో చూడని పక్క ఊళ్లో కూడా పది ఇళ్లు తిరగాలి. రెండు ఊళ్ల కాగితాలూ మీ ముందు పరిచి, తను తీసిన వీడియో వల్ల ఏమీ మారలేదని ఉన్నా అది మీకు చదివి వినిపించగలిగితే, కోచింగ్ సెంటర్‌కు అడ్వాన్సు కట్టకండి.