కథను విశ్లేషించడమంటే దాని సారాంశం రాయడమేనా?

కాదు, సారాంశం కథలో ఏం జరిగిందో చెబుతుంది. విశ్లేషణ మాత్రం, రచయిత దాన్ని అలాగే ఎందుకు చెప్పారో వాదించి చూపిస్తుంది. సొంతంగా, వీలు చూసుకుని చదువుకునే పెద్దవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు, పక్కన కూర్చుని ‘అయితే ఏంటి?’ అని అడిగేవాళ్లు ఉండరు కాబట్టి. ఆ ప్రశ్న మీరే వేసుకోవాలి.

‘కొడుకు ఉత్తరాన్ని తల్లి చదవకుండా దాచేసింది’ అనేది సారాంశం. ‘అందులో ఏముందో పాఠకుడికీ చెప్పకపోవడం వల్ల ఆమె భయం మనదీ అవుతుంది’ అన్నది విశ్లేషణ. దీన్ని ఎవరైనా కాదనవచ్చు, అందుకే కథలోని వాక్యాలతో నిరూపించాలి. నిజానికి వ్యాసం మొత్తం ఆ నిరూపణే.

రచయిత మనసులోని ఒకే ఒక్క ‘సరైన అర్థం’ పట్టుకోవాలని చాలామంది టెన్షన్ పడతారు. అక్కర్లేదు. కథలో ఆధారం చూపించగలిగితే వేరే అర్థమూ చెల్లుతుంది.