తొమ్మిది, పది మ్యాచ్‌లు గెలిచినవాడికే సీటా, అల్లుడూ?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రణాళిక రెండుసార్లు చదివాను. వచ్చే సీజన్‌కు మీ ప్రాంతంలో మ్యాజిక్ కార్డుల ఆట (మ్యాజిక్: ది గ్యాదరింగ్) క్వాలిఫయర్లు, అంటే పై పోటీకి సీటు ఇచ్చే పోటీలు, ఎలా జరపాలో రాసివ్వమని నిన్ను అడిగారంటే సంతోషం. పందొమ్మిదేళ్లు శనివారాలన్నీ న్యూజెర్సీ హాళ్లలో జడ్జిగా నిలబడి గడిపినవాణ్ని. ఆ శనివారాలను మీ అత్తయ్య ఇప్పటికీ పేకాట ఖాతాలోనే రాస్తుంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను: మొదటి పేజీలోని పాయింట్ల పట్టిక తీసెయ్యి.

ప్రతి టోర్నమెంటుకూ పాయింట్లు, చివర్లో ఎక్కువ పాయింట్లున్న ఎనిమిది మందికి సీట్లు అన్నావు. కాగితం మీద న్యాయంగానే ఉంది. అయితే నువ్వు దేన్ని లెక్కపెడితే ఆటగాళ్లు దాని వెంటే పడతారు. 1996లో న్యూయార్క్‌లో మొదటి ప్రో టూర్ (ఈ ఆటలో అగ్రశ్రేణి పోటీ) జరిగిన తర్వాత ఈ ఆటకు ఎన్ని పద్ధతులు వచ్చాయో, ఎన్ని పోయాయో చూశాను. ఒకప్పుడు చదరంగంలో లాగా ఈలో రేటింగ్ ఉండేది, గెలిస్తే పెరిగి ఓడితే తగ్గే అంకె. రేటింగ్ బాగా ఉన్నవాళ్లకు నేరుగా ఆహ్వానం వచ్చేది. దాంతో ఏమైంది? మంచి ఆటగాళ్లు ఆడటమే మానేశారు. ఒక్క ఓటమితో రేటింగ్ పడిపోతుందని, గుడ్ల మీద పొదిగిన కోడిలా దాని మీదే కూర్చున్నారు. శుక్రవారం సాయంత్రం షాపులో పిల్లలతో సరదాగా ఒక ఆట ఆడమంటే, వద్దని దణ్ణం పెట్టినవాళ్లను నేనే చూశాను.

2011 సెప్టెంబరులో రేటింగ్ తీసి, ఆడేకొద్దీ కలుస్తూ పోయే ప్లేన్స్‌వాకర్ పాయింట్లు తెచ్చారు. ఈసారి రోగం తిరగబడింది. ఓడినా పోయేది లేదు, వెళ్తే ఏదో ఒకటి వస్తుంది. ఇక ఎవరికి ఎక్కువ వారాంతాలు ఖాళీగా ఉంటే, ఎవరి దగ్గర విమానం టికెట్లకు డబ్బుంటే వాళ్లదే పైచేయి. ఆహ్వానాలకు ఆ లెక్క ఎక్కువ కాలం నిలవలేదు. నీ పట్టిక కూడా ఆ దారిలోనే ఉంది. పాయింట్లు తప్పనిసరి అని మీవాళ్లు పట్టుబడితే, పోకేమాన్ కార్డుల పోటీల్లో చేసినట్టు చెయ్యి: ఎన్ని ఆడినా, ఒక్కో స్థాయిలో ఇన్ని మంచి ఫలితాలే లెక్కకు వస్తాయని హద్దు పెట్టు. చంటిబిడ్డ తండ్రి మూడు పోటీలకే రాగలడు. పెళ్లికాని కుర్రవాడు పదిహేనింటికి పోగలడు. ఆ తేడా కొంతైనా తగ్గుతుంది.

ఇక రెండో పేజీ. 128 మంది వచ్చే క్వాలిఫయర్‌కు ఒకే సీటు పెట్టావు. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే చాలామంది నిర్వాహకులు ఈ లెక్క ఎప్పుడూ వేసుకోరు.

స్విస్ పద్ధతిలో, అంటే ఓడినవాణ్ని పంపేయకుండా సమాన ఫలితాలున్నవాళ్లను ప్రతి రౌండులో జత కట్టే పద్ధతిలో, 128 మందికి ఏడు రౌండ్లు. డ్రాలు పక్కన పెడితే, ఏడూ గెలిచేవాడు ఒక్కడు, ఒకటి మాత్రమే ఓడేవాళ్లు ఏడుగురు. అక్కడికి టాప్ ఎనిమిది నిండిపోయింది. రెండు ఓడినవాడు ఇంటికి. ఇప్పుడు నూటికి అరవై మ్యాచ్‌లు గెలిచే ఆటగాణ్ని తీసుకో. ఈ ఆటలో అది చాలా మంచి లెక్క; ల్యాండ్ కార్డులు (మిగతా కార్డులు ఆడటానికి శక్తినిచ్చేవి) రాక చేతులు ముడుచుకుని కూర్చునే రోజులు ఎంతటివాడికైనా తప్పవు. అతను టాప్ ఎనిమిదికి చేరే అవకాశం నూటికి సుమారు 16. ఆ తర్వాత ఓడినవాడు వెళ్లిపోయే నాకౌట్‌లో వరసగా మూడూ గెలిచి సీటు తెచ్చుకునే అవకాశం మూడున్నర కూడా కాదు. అంటే అంత మంచి ఆటగాడు సుమారు ముప్ఫై క్వాలిఫయర్లు ఆడితే ఒకసారి సీటు దొరుకుతుంది! మీ సీజన్‌లో ముప్ఫై ఎక్కడున్నాయి?

అదే పోటీలో మొదటి నలుగురికీ సీటిస్తే, అతనికి పదకొండు పోటీలకు ఒకటి చొప్పున వస్తుంది. మొత్తం సీట్లు పెంచడం నీ చేతిలో లేకపోవచ్చు, పంచే తీరు మాత్రం ఉంది. పన్నెండు వారాంతాల్లో ఒక్కొక్కటి పంచే బదులు, మూడు పెద్ద పోటీల్లో నాలుగేసి పంచు. సీట్లు అవే పన్నెండు. కాకపోతే ప్రతి వారం తిరిగే తీరిక ఉన్నవాడికి వచ్చే లాభం పోతుంది. ఇంకో సుఖమూ ఉంది: క్వార్టర్ ఫైనల్‌తో సీట్లు తేలిపోతాయి కాబట్టి సెమీస్, ఫైనల్ ఆడించనక్కర్లేదు. రౌండుకు యాభై నిమిషాలు, ఆ పైన అదనపు టర్న్‌లు, మధ్యలో జత కట్టే సమయం... రెండు రౌండ్లు తగ్గితే జనం వేళకు భోజనానికి వెళ్తారు. జడ్జీలు కూడా మనుషులే.

ఈ లెక్కలకు భయపడి, కొద్దిమందికే సీట్లు కట్టబెట్టే అవతలి అంచుకు మరీ పోకు. 2019లో 32 మందితో జీతాల లీగ్ పెట్టారు, ఏడాదికి 75,000 డాలర్లు. ఆ సీట్లలో కూర్చున్నవాళ్లకు బాగానే ఉంది, కింద షాపుల్లో ఆడేవాళ్లకు మాత్రం పైకి మెట్లే కనిపించలేదు. దాన్ని నిలిపేస్తున్నట్టు 2021లో ప్రకటించారు. 2022 నుంచి షాపు పోటీ, ప్రాంతీయ ఛాంపియన్‌షిప్, ఆపైన ప్రో టూర్ అనే వరస వచ్చింది. ఎక్కడ గెలిస్తే ఎక్కడికి పోతామో పన్నెండేళ్ల పిల్లాడికి కూడా చెప్పగలిగే పద్ధతి అది. దాన్ని చెడగొట్టకు.

మూడింటిలో ఒక క్వాలిఫయర్ సీల్డ్‌లో పెట్టు. అక్కడే విప్పే ఆరు బూస్టర్ ప్యాకెట్లు (లోపల ఏ కార్డులున్నాయో ముందు తెలియనివి), వాటితో కట్టుకునే నలభై కార్డుల డెక్, అందరూ ఒకే గీత మీద నుంచి మొదలు. ప్యాకెట్లలోనూ అదృష్టం ఉంటుందని నువ్వంటావు, నిజమే. అయితే వందల డాలర్లు పోసి డెక్ కొనలేని విద్యార్థికి అది మిగతావాటికన్నా దగ్గరి దారి.

ఒక సంగతి మాత్రం మైకులో చెప్పించు, కాగితం అంటించి ఊరుకోకు. చివరి స్విస్ రౌండుకు ముందు ఒకసారి నా ఎదుటే ఒక కుర్రవాడు, "నన్ను గెలవనిస్తే బహుమతిలో సగం నీకే" అన్నాడు. పాపం, అది తప్పని తెలియదు. ఇద్దరూ డ్రాకు ఒప్పుకోవచ్చు, ఒకరు ఓటమి ఒప్పుకోవచ్చు; బదులుగా ఏదైనా ఇస్తాననడం మాత్రం కుదరదు, అప్పటి నియమం ప్రకారం పోటీ నుంచి బయటికి పంపాల్సిందే. పంపాను. ఆ పిల్లాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

తేదీల గురించి నీ ప్రణాళికలో ఒక్క మాటా లేదు. హైదరాబాదులో ఉండే నా స్నేహితుడి కొడుకు ఒకప్పుడు సీటు గెలిచాడు. వీసా ఇంటర్వ్యూ తేదీ పోటీ ముగిసిన రెండు వారాలకు దొరికింది. ఆ సీటు ఎవరికీ పోలేదు, ఖాళీగానే ఉండిపోయింది. మీ దగ్గర ఆడేవాళ్లలోనూ వీసా కాగితాల మీద ఉన్నవాళ్లు బోలెడుమంది. క్వాలిఫయర్‌కూ తర్వాతి పోటీకీ మధ్య కనీసం నాలుగు నెలలు ఉంచు. రానివాడి సీటు అయిదోవాడికి ఎన్ని రోజుల్లోపు వెళ్తుందో ముందే రాసిపెట్టు.

మార్చిన ప్రణాళిక పంపు. డిసెంబరులో మేము డల్లాస్ వస్తున్నాం. అప్పటికి మొదటి క్వాలిఫయర్ ఉంటే నేనూ జడ్జిగా వస్తాను. మోకాళ్లు ఆరు రౌండ్లకు మించి ఒప్పుకోవడం లేదు, ఏడో రౌండుకు ఒక కుర్చీ వేయించు.

మామయ్య