ముందు గోడ అవతలికి వెళ్ళి చూడు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ పాత ఇంట్లో పడగ్గది పని మీరే చేసుకుంటారట కదా. మేస్త్రీ వద్దట, పెయింటర్ వద్దట, సెలవు రోజుల్లో నువ్వూ అల్లుడుగారూ కలిసి కానిచ్చేస్తారట. "నువ్వైనా చెప్పక్కా, నా మాట వినదు" అంది. సరేనన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం భయం, సగం సంతోషం. ఏడేళ్ళప్పుడు మా ఇంట్లో ఆగిపోయిన అలారం గడియారం విప్పి, మరలన్నీ దిండు గలీబు మీద వరసగా పేర్చుకుని, మళ్ళీ ఒక్కటీ మిగలకుండా బిగించిన పిల్లవి నువ్వు. ఈ పిల్ల చేతులు ఊరుకునేవి కావని ఆ రోజే అనుకున్నాను.

కాబట్టి మానెయ్యమని చెప్పను. కొన్ని మాటలు మాత్రం విను.

గది మొత్తం ఖాళీ చెయ్యి. సామాను మధ్యలో కుప్పపోసి దుప్పటి కప్పితే పని సాగదు. ముందు కప్పు, తర్వాత గోడలు, ఆఖర్న నేల. కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కే అలవాటు నీకు ఇంకా ఉందని మీ అమ్మ చెప్పింది. నిచ్చెన తెచ్చుకో. రంగు ఏది వేస్తావో నీ ఇష్టం.

కరెంటు పని మాత్రం నువ్వు చెయ్యకు. పాత ఇళ్ళల్లో తీగల మీది రబ్బరు ఎండిపోయి ఉంటుంది, వేలు తగిలితే పొడిగా రాలుతుంది. చాలా చోట్ల ఎర్త్ వైరే ఉండదు. ఒకే గదికి రెండు ఫ్యూజుల నుంచి కరెంటు రావడం నేను కళ్ళారా చూశాను. ఒకటి పీకేసి కరెంటు పోయిందనుకుంటాం, రెండో తీగలో వస్తూనే ఉంటుంది. మేకు కొట్టాలన్నా, బ్యాటరీ డ్రిల్లు పెట్టాలన్నా ఇల్లంతటికీ మెయిన్ ఆఫ్ చెయ్యి. ఆపేముందు కరెంటున్న చోట టెస్టర్ పెట్టి అది వెలుగుతోందో లేదో చూసుకో, చెడిపోయిన టెస్టర్ కరెంటు లేదనే చెబుతుంది. గోడల గార తీసి ఉన్నప్పుడే మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైరింగ్ మార్పించు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే బ్రేకర్ పెట్టించు. డబ్బు మిగుల్చుకోవాలంటే రంగులో మిగుల్చుకో, ఇక్కడ కాదు.

గోడ తొలిచి అలమరా పెడతానన్నావట. అలాంటి ఇళ్ళల్లో కప్పు బరువు మోసేది స్తంభాలు కాదు, గోడలే. ఇంజనీరు వచ్చి చూసి సరేననేదాకా ఉలి పెట్టకు. పైన పాత సిమెంటు రేకులో పలకలో ఉంటే వాటినీ కదపకు, ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు.

తలుపులకీ కిటికీలకీ ఉన్న పాత ఆయిల్ పెయింటు గురించి నాకు ఇంకా టెన్షన్‌గా ఉంది. వెనకటి రంగుల్లో సీసం కలిపేవారు. పొడిగా గీకితే ఆ దుమ్ము నేల మీద పడుతుంది, మీ పాప ఆ నేల మీదే పాకుతుంది, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫర్వాలేదు అనే లెక్క దానికి లేదు. రంగు గట్టిగా పట్టుకుని ఉన్న చోట కదపకుండా పైనే కొత్తది వేసెయ్యి. లేచిపోయిన చోట నీళ్ళు చిలకరించి తడిమీదే గీకు. మంటతో కాల్చడం, చీపురుతో ఊడవడం పనికిరావు, తడిగుడ్డతో తుడవాలి. మామూలు గుడ్డ కట్టుకుంటే చాలదు, సన్నటి దుమ్మును ఆపే మాస్క్ పెట్టుకో. ఆ పని అయ్యేదాకా పాపను మీ అమ్మ దగ్గర ఉంచు. ఒక్క పూట కూడా అక్కడికి తీసుకురావద్దు.

ఇక గోడ సంగతి. నీకు ఇన్నేళ్ళూ ఈ విషయం ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

మీ తాతయ్య పోయాక అమ్మమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాను కదా. అప్పుడు నాకు 34 ఏళ్ళు. వెనక గదిని ఆవిడ కోసం నా చేతులతో బాగుచేశాను. పాత ఇటుక గోడలు, సున్నం గార. ఒక గోడకి అడుగున పెచ్చులూడేవి, ఎన్నిసార్లు ఊడ్చినా మర్నాటికి గుప్పెడు సున్నం పొడి రాలేది. దీని పీడ విరగడ చేద్దామని నడుమెత్తు వరకు పాత గార అంతా కొట్టేసి, నీళ్ళు దిగని మందు కలిపి సిమెంటు చేశాను. తాపీ పట్టడం అప్పుడే నేర్చుకున్నాను. దాని మీద లప్పం, దాని మీద ఆయిల్ పెయింటు. అద్దంలా వచ్చింది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. అమ్మమ్మ మంచం ఆ గోడకే ఆనించి వేశాను, పక్కనే ఆవిడ బీరువా.

మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో వానాకాలంలో మా అమ్మకు దగ్గు పట్టుకుంది, తర్వాత ఆయాసం. డాక్టరుగారు అడిగిన మొదటి మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఇంట్లో ఎక్కడైనా చెమ్మ ఉందా అమ్మా?" అన్నారు. "లేదండీ, గోడ కొత్తగా చేశాం" అన్నాను. అంత ధీమాగా చెప్పాను. ఒకరోజు చూస్తే అమ్మ తలగడ కాళ్ళ వైపుకు మార్చుకుని పడుకుని ఉంది. ఏమ్మా అంటే ఇటైతే ఫ్యాను గాలి బాగా తగులుతోందంది. నిజమేననుకున్నాను.

పండక్కి ఆవిడ పట్టుచీర తీద్దామని బీరువా తెరిస్తే తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంది. అడుగు అరలో చీర మడతల వెంబడి నల్లటి చుక్కలు, సన్నగా, ఆవాలు చల్లినట్టు. బీరువా లాగి చూశాను. నా సిమెంటు అలాగే నున్నగా ఉంది. సరిగ్గా అది ఆగిపోయిన చోటి నుంచి పైకి, మూడడుగుల మేర, గోడంతా నల్లగా బూజు.

అప్పుడు ఒక ముసలి తాపీమేస్త్రీని పిలిచాను. ఆయన లోపలి గోడను ఒక్కసారి వేళ్ళతో తట్టి, ఇంకేమీ మాట్లాడకుండా ఇంటి వెనక్కి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. గోడను ఆనుకుని నా పూలమొక్కల పాదులున్నాయి. ఆయన కర్రతో మట్టి లోతు చూశాడు. లోపలి నేల కన్నా జానెడు ఎత్తుగా ఉంది. "ఈ మట్టి ఎవరు పోశారమ్మా?" అన్నాడు. నేనే పోశాను. రోజూ సాయంత్రం నీళ్ళు పోసేదాన్ని కూడా నేనే. గోడకి ఇటు నేను నీళ్ళు పోస్తుంటే అటు అడుగున్నర దూరంలో మా అమ్మ తల పెట్టుకుని పడుకునేది.

ఆయన చెప్పింది నీకూ చెప్తున్నాను, గుర్తుపెట్టుకో. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, మళ్ళీ గాలికి వదిలేస్తుంది. ఆ పెచ్చులూడటం, గోడలోని ఉప్పు తెల్లగా పైకి తేలడం అంతా తడి బయటికి పోయే దారే. నేను ఆ దారి మూసేశాను. లోపలి నీరు బయటికి రాలేక సిమెంటు వెనకాలే పైకి పాకింది. పెచ్చులు ఊడుతున్నప్పుడు గోడకి ఏం పుయ్యాలని ఆలోచించానే తప్ప, నీరు ఎక్కడి నుంచి వస్తోందని ఒక్కసారి కూడా ఇంటి చుట్టూ తిరిగి చూడలేదు.

పాదులు తీసేసి, సిమెంటంతా కొట్టేసి, గోడను అలా ఇటుకలతోనే వదిలేశాం. తడిగోడ ఆరడానికి మందం అంగుళానికి నెల చొప్పున లెక్కేస్తారు. నాది 14 అంగుళాల గోడ, ఏడాది దాటింది. పైకి తేలిన ఉప్పును వారానికోసారి పొడి బ్రష్షుతో దులిపేదాన్ని, నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. బాగా ఆరాక ఒక వంతు సున్నం, మూడు వంతుల ఇసుకతో గార చేసి, పైన సున్నమే వేశాం. అమ్మ ఆ ఏడాదంతా హాల్లో పడుకుంది. ఆయాసం చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. వాసన వస్తోందని ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "ఎండలో నిలబడి అంత కష్టపడి చేశావు, బాగాలేదని ఎలా చెప్పనే?" అంది.

అందుకే ఇంతగా చెబుతున్నాను. ఆ గదిలో పడుకునేది మీ పాప. మా అమ్మ మొహమాటానికి చెప్పలేదు, పాపకు చెప్పడమే రాదు.

సుత్తి పట్టేముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరుగు, వాన పడుతున్నప్పుడైతే ఇంకా మంచిది. చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, గొట్టం పగిలిందా, మట్టి గోడకు ఎంత ఎత్తున ఆనుకుని ఉంది చూడు. లోపలి నేల కన్నా బయటి నేల కనీసం 15 సెంటీమీటర్లు కిందకి ఉండాలి, వాలు గోడ నుంచి అవతలికి ఉండాలి. లోపల అనుమానమున్న చోట రెండు అరచేతులంత ప్లాస్టిక్ కాగితం నాలుగు పక్కలా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు ఉంచు. నీటి చుక్కలు కాగితానికీ గోడకీ మధ్య పడితే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే అది గాలిలోని తేమ, కిటికీలు తెరిస్తే సరిపోతుంది. గోడంతా వేలి కణుపుతో తట్టి చూడు. డొల్లగా మోగినచోట గార వదిలేసింది, అంతవరకే తియ్యి. సున్నం గోడకు సున్నమే వెయ్యి. సున్నం పని చేసేటప్పుడు కళ్ళద్దాలు, గ్లవ్స్ లేకుండా ఉండకు, కంట్లో పడితే చూపు పోతుంది.

నా చిన్న తాపీ మీ అమ్మ చేత పంపుతున్నాను. పిడి కాస్త అరిగింది, నీ చేతికి సరిపోతుంది.

పని మొదలుపెట్టేముందు నాకొక ఫోటో పంపు. గది లోపలిది కాదు. బయట నిలబడి, గోడ అడుగూ నేలా రెండూ కనపడేలా తియ్యి. నేను చూసి ఫోన్ చేస్తాను, అందాకా ఆగు.

మీ పెద్దమ్మ