వద్దన్న పిల్ల వెంటపడటం సినిమాలోనే చెల్లుతుంది

ప్రశ్న: మాది కావలి. మావాడు డిగ్రీ రెండో ఏడు. పొద్దున్నే ఒకమ్మాయి కాలేజీ బస్సెక్కే చోటికి పోయి నిలబడుతున్నాడంట. ఆ పిల్ల ముఖమ్మీదే వద్దంది. వాళ్ళన్న మా ఇంటికొచ్చి చెప్పిపోయాడు. అడిగితే "మొదట అందరూ అట్టాగే అంటారమ్మా, సినిమాల్లో చూళ్ళేదా" అంటాడు. వీడి నాన్నేమో వీడి ఫోన్ పగలగొడతానంటున్నాడు. పిల్లోడు చెడ్డోడు కాదు మేడం.
– ఓ తల్లి

జవాబు: మీవాడు చెడ్డవాడని నేనూ అనుకోవడం లేదమ్మా. ఆ సంగతి ఆ అమ్మాయికెలా తెలుస్తుంది? ఆమెకు కనపడేది రోజూ దారికాసే మనిషే. కాబట్టి రేపటినుంచి వాడు అటు పోకూడదు. సారీ చెప్పడానికి కూడా పోకూడదు. ఆ మాటేదో మీరూ మీవారూ వెళ్ళి వాళ్ళ పెద్దవాళ్ళతో చెప్పిరండి.

వద్దన్నా పదేపదే వెంటపడి మాట కలపబోవడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి 3 ఏళ్ళ దాకా, మళ్ళీ చేస్తే 5 ఏళ్ళ దాకా జైలు. అమ్మాయికి 18 నిండకపోతే పిల్లలపై లైంగిక నేరాలకు పెట్టే పోక్సో కేసు కూడా రావచ్చు. ఇది వాడికి దాచకుండా చెప్పండి.

ఫోన్ పగలగొడితే ఏమవుతుంది, పక్కవాడి ఫోన్లో చూస్తాడు. దానికి బదులు, వాడికి బాగా నచ్చిన సినిమాలో వెంటపడే సీను వాడినే పెట్టమనండి. ఒకసారి మామూలుగా చూడండి. రెండోసారి సౌండ్ తీసేసి చూడండి. మ్యూజిక్ పోయాక చాలా సీన్లలో మిగిలేదేమిటంటే, తల వంచుకుని గబగబా నడిచే పిల్ల, దారికడ్డంగా ఒకడు, వెనక ఇకిలిస్తున్న స్నేహితులు. కెమెరా ఎవరి ముఖం మీద ఎక్కువసేపు ఉందో అడగండి. ఆ పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో ఏం చెప్పుకుందో ఆ సీనెక్కడుందో చూపించమనండి. జవాబులు మీరందించొద్దు. వాడు విసుక్కున్నా సరే. హీరోయిన్ వద్దంటే హీరో సరేనని పోతే సినిమా అరగంటలో అయిపోతుంది, అందుకే ఇంటర్వెల్ దాటాక ఆమె చేత ఔననిపిస్తారు. ఆ ఔను రచయితది. (మీవారినీ పక్కన కూర్చోబెట్టండి. ఇలాంటి సీన్లకు వీళ్ళకంటే ముందు ఈలలేసింది మన తరమే.)

ఇలా సీనును ప్రశ్నించడమేదో పట్నం చదువు అనుకోకండి. 1992 ప్రాంతంలో మీకు దగ్గర్లోనే, కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాస్యత తరగతికొచ్చిన ఆడవాళ్ళు సారా మీద పాఠం చదివి, ఇది మన కథే కదా అనుకున్నారు. ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం పాకి 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా బంద్ అయింది. వాళ్ళు పలక పట్టి ఎన్నాళ్ళో కాలేదు. డిగ్రీ చదివే మీవాడికి ఒక సీనును నిలదీసి అడగడం కష్టమేం కాదు.

ఇంత చేసినా అటు పోవడం మానకపోతే, వాడు గౌరవించే లెక్చరర్ చేత చెప్పించండి. తిండీ నిద్రా మానేసి కూర్చుంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఈలోపు ఆ అమ్మాయి వాళ్ళు పోలీసుల దగ్గరికి పోతే మాత్రం, కేసు వెనక్కి తీసుకోమని వాళ్ళ గుమ్మం ఎక్కకండి.